కడిగిందే కడగడం చాదస్తం కాదు

కడిగిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ కడగడం, గొళ్ళెం పెట్టానా లేదా అని పడుకున్నాక పదిసార్లు లేచి చూడడం, పిల్లలు బడినుంచి రాగానే ఒంటిమీది బట్టలన్నీ తడిపించడం - ఇలాంటి ఇల్లాలు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండే ఉంటుంది. "ఆవిడకి చాదస్తం" అని మనం తేలిగ్గా అనేస్తాం.

మడి వేరు, ఈ జబ్బు వేరు. మడి కట్టుకున్నావిడ పూజా, వంటా కాగానే మడి విడిచి హాయిగా కూర్చుంటుంది. ఈవిడకు ఆ హాయి లేదు. చెయ్యి శుభ్రంగానే ఉందని తనకూ తెలుసు. అయినా అనుమానం కడిగిందాకా ఊరుకోనివ్వదు. కడగ్గానే కాస్త నెమ్మది, మరుక్షణం మళ్ళీ అనుమానం! రోజుకు గంటకు మించి దీనికే పోతున్నా, ఇంటిపని కుంటుపడుతున్నా డాక్టరుకు చూపించవలసిందే. దీన్ని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, పొట్టిగా ఓ.సి.డి. అంటారు.

దీనికి మంచి చికిత్స ఉంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త దారి చూపాడు. భయపడే వస్తువును తాకాలి, కాని చెయ్యి కడుక్కోకూడదు. మొదట గుండె దడదడలాడుతుంది. ఓర్చుకుని కూర్చుంటే, కడగకుండానే ఆ భయం దానంతట అదే తగ్గుతుంది. ఈ సంగతి మనసు అనుభవంమీద నేర్చుకోవాలి. చెబితే నేర్చుకోదు.

ఈ చికిత్సనే కొందరు స్త్రీలను కలిపి కూర్చోబెట్టి కూడా చేస్తారు. సాధారణంగా ఆరుగురినుంచి పదిమంది, వారానికొకసారి, సుమారు మూడు నెలలు. ఒక్కొక్కరూ తమ భయాలను చిన్నదాన్నుంచి పెద్దదాకా మెట్లలా రాసుకుంటారు. తలుపు పిడి మొదటి మెట్టయితే, చెప్పులు తర్వాతది, చెత్తబుట్ట మూత ఆ పైది. ఒకావిడ చెప్పు ముట్టుకుని కూర్చుంటే మిగతావాళ్ళు పక్కనే ఉంటారు. "ఏం కాదులే" అని మాత్రం అనరు. ఆ ఓదార్పు కూడా కడగడంలాంటిదే, మళ్ళీ మళ్ళీ కావాలనిపిస్తుంది.

నలుగురిలో ఇదంతానా అని సంకోచించకండి. ఈ జబ్బుకు బలం రహస్యమే. పక్కావిడ అనుమానం మనకు వట్టిదిగా కనబడినప్పుడు, మన అనుమానం సంగతీ తెలిసొస్తుంది. బాలింతల్లో కొందరికి "బిడ్డకు నా చేతులతో హాని చేస్తానేమో" అన్న తలపు వచ్చి, కత్తిపీట చూస్తేనే వణుకు పుడుతుంది. దేవుడి గదిలో పాడు తలపులు వచ్చేవారూ ఉన్నారు. భర్తకూ చెప్పుకోలేని ఈ మాట సాటి ఆడవాళ్ళ మధ్య పైకి వస్తుంది. తలపు రావడం వేరు, కోరుకోవడం వేరు. కాని బాలింత ఇలాంటి మాట అన్నప్పుడు ఇంట్లోవాళ్ళు తేల్చెయ్యకూడదు, వెంటనే డాక్టరే చూడాలి.

కొందరికి ఫ్లూఆక్సెటీన్ వంటి మందులు కూడా అవసరమవుతాయి. వాటి గుణం పూర్తిగా తెలియడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. నాలుగు రోజులకే "పనిచెయ్యలేదు" అని మానెయ్యకండి.

ఇంట్లోవాళ్ళకో మాట. ఎగతాళి చెయ్యకండి. అలాగని ఆవిడ అడిగినన్నిసార్లు గొళ్ళెం చూసి రావడం, ఆవిడ బదులు మీరు కడగడం జబ్బుకు మేత వెయ్యడమే. ఒక్కసారిగా మానెయ్యకుండా, డాక్టరు సలహాతో, ఆవిడతో చెప్పి మెల్లగా తగ్గించండి.

పెద్ద ప్రభుత్వాసుపత్రుల మానసిక వైద్య విభాగంలోనూ, హైదరాబాదు ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక వైద్యశాలల్లోనూ అడగండి. బృంద చికిత్స అన్నిచోట్లా ఉండదు. లేనిచోట ఇదే పద్ధతి ఒక్కరికీ చేస్తారు. ఆసుపత్రికి రావడానికి మొగమాటమైతే 2022లో మొదలైన టెలిమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చెయ్యండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఏళ్ళతరబడి కడిగి కడిగి చర్మం పగిలిన చేతులకు పూత మందు రాస్తే సరిపోదు. చికిత్స కావలసింది మనసుకు. ఆవిణ్ణి తీసుకురండి.