రాజా దీన్ దయాళ్

రాజా దీన్ దయాళ్ (1844 - 1905 జూలై 5) భారతదేశపు తొలి తరం ఛాయాగ్రాహకులలో అగ్రగణ్యుడు. ఆయనను లాలా దీన్ దయాళ్ అని కూడా వ్యవహరిస్తారు. ఇంజనీరుగా జీవితం ప్రారంభించి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదు కేంద్రంగా పెద్ద స్టూడియోను నడిపాడు. కోటలు, రాజభవనాలు, దర్బారుల చిత్రాల వల్ల ఆయన పేరు దేశమంతటా తెలిసింది. అయితే స్టూడియోను ఏటేటా నిలబెట్టినది వ్యక్తుల చిత్రాలు, కుటుంబ చిత్రాలు. ఈ వృత్తిని ఆయన ఒంటరిగా చేయలేదు. కుమారులతో కలిసి దానిని ఇంటి వ్యాపారంగా తీర్చిదిద్దాడు. అందుచేత ఆయన కుటుంబానికి కలిగిన కష్టం సంస్థకూ కష్టమే అయింది.

బాల్యం, విద్యాభ్యాసం

దీన్ దయాళ్ నేటి ఉత్తర ప్రదేశ్‌లో మీరట్ సమీపాన గల సర్ధానా పట్టణంలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. ఆయన కుటుంబం నగల వ్యాపారంతో సంబంధం కలది. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి 1866లో ఉత్తీర్ణుడయ్యాడు. ఇదే కళాశాల తరువాతి కాలంలో విశ్వవిద్యాలయంగా, 2001లో భారతీయ సాంకేతిక విద్యాసంస్థ (ఐఐటీ)గా మారింది. నక్షాలు గీయడం, కొలతలు వేయడం, కట్టడాల నిష్పత్తులను గమనించడం ఆయన ఇక్కడ అభ్యసించాడు. ఆయన తీసిన చిత్రాలలో గీతలు నిటారుగా, మనుషుల అమరిక తూకంగా కనిపించడానికి ఈ శిక్షణ తోడ్పడిందని చెప్పవచ్చును.

ఉద్యోగం నుండి వృత్తికి

చదువు ముగిశాక ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో అంచనాలు, నక్షాలు తయారుచేసే ఉద్యోగంలో చేరాడు. 1870 దశకంలో ఫోటోగ్రఫీని అభిరుచిగా చేపట్టాడు. ఇండోర్ పాలకుడు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1874లో వైస్రాయి లార్డ్ నార్త్‌బ్రూక్‌ను, 1875-76లో భారత పర్యటనకు వచ్చిన వేల్స్ యువరాజును ఫోటో తీసే అవకాశం లభించింది. ఇండోర్‌లో స్టూడియో కూడా నెలకొల్పాడు.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించి ప్రాచీన కట్టడాలను చిత్రించాడు. వీటిలో 86 చిత్రాలు మధ్య భారతదేశపు ప్రసిద్ధ కట్టడాలపై గ్రిఫిన్ వెలువరించిన గ్రంథంలో చేరాయి. 1885లో ఆయన వైస్రాయికి ఛాయాగ్రాహకుడిగా నియమితుడయ్యాడు. ఆ కాలంలోనే దీర్ఘకాలపు సెలవు పెట్టి, అనంతరం ప్రభుత్వ ఉద్యోగాన్ని పూర్తిగా విడిచిపెట్టాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది. నెలనెలా వచ్చే జీతాన్ని వదులుకొని, గిరాకీ మీద, ప్రభువుల ఆదరణ మీద ఆధారపడే వృత్తిని ఎంచుకోవడం సంసారికి చిన్న నిర్ణయం కాదు.

సికింద్రాబాదు స్టూడియో

1886లో దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో స్థాపించాడు. ఈ స్థలానికి ఒక అనుకూలత ఉంది. సికింద్రాబాదు కంటోన్మెంటులో బ్రిటిషు సైనికాధికారులు, వారి కుటుంబాలు నివసించేవి. పక్కనే హైదరాబాదులో నిజాం దర్బారు, పాయిగా వంశీయులు, ఇతర ప్రభువులు ఉన్నారు. ఈ రెండు వర్గాలకూ ఫోటోలు కావాలి. సీమకు ఉత్తరంతోపాటు పంపుకోవడానికి ఒకరికి కావాలి, దివాణంలో గోడకు తగిలించుకోవడానికి మరొకరికి కావాలి. దీన్ దయాళ్ ఇద్దరికీ పని చేశాడు.

మహబూబ్ అలీఖాన్ ఆయనను అభిమానించి 'ముసవ్విర్ జంగ్' అనే బిరుదును, రాజా గౌరవాన్ని ఇచ్చాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. సంస్థ 'రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్' పేరుతో ప్రసిద్ధి చెందింది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు పురస్కారాలు వచ్చాయి. 1896లో బొంబాయిలో స్టూడియో ప్రారంభమయింది. 1897లో విక్టోరియా రాణి ఛాయాగ్రాహకుడిగా నియామకం పొందాడు. 1902లో లార్డ్ కర్జన్ దంపతులను హైదరాబాదులో మహారాజా కిషన్ పర్షాద్ భవనంలోని ఆయినాఖానాలో తీసిన చిత్రం ఆయన ప్రసిద్ధ చిత్రాలలో ఒకటి. 1899-1900 కరవు కాలంలో నిజాం ప్రభుత్వం చేపట్టిన సహాయక పనులను కూడా ఆయన సంస్థ చిత్రించింది.

ఆనాటి ఫోటో తయారీ విధానం

ఈనాడు క్షణంలో జరిగే పనికి ఆనాడు ఎంత శ్రమ ఉండేదో తెలిస్తేనే ఈ వృత్తి స్వరూపం అర్థమవుతుంది. దీన్ దయాళ్ ఫోటోగ్రఫీ నేర్చుకున్న రోజులలో తడి కొలోడియన్ పద్ధతి వాడుకలో ఉండేది. దీనిని 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించాడు. గాజు పలకపై కొలోడియన్ పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీయాలి. వెంటనే చీకటి గదిలో దానిని కడగాలి. మన వేసవిలో పలక త్వరగా ఆరిపోతుంది కనుక పని మరింత కష్టం. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ ప్రతిపాదించిన జెలటిన్ పొడి పలకలు ఆ దశాబ్దం చివర వాణిజ్యపరంగా అందుబాటులోకి వచ్చాయి. ముందే తయారుచేసి పెట్టెలలో దాచుకొనే వీలు కలగడంతో స్టూడియోల పని సులువయింది.

ప్రతులు అచ్చు వేయడానికి కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని వాడేవారు. దానికి వెండి లవణం పట్టించి, గాజు నెగెటివ్ కింద ఉంచి ఎండలో పెట్టేవారు. నెగెటివ్ ఎంత పరిమాణంలో ఉంటే ప్రతి అంతే పరిమాణంలో వచ్చేది. అందువల్ల పెద్ద ఫోటో కావాలంటే పెద్ద గాజు పలక, దానికి తగిన పెద్ద కెమెరా కావాలి. ఆ తరువాత బంగారు లవణంతో రంగు స్థిరపరచి, కడిగి, దళసరి అట్టకు అంటించేవారు. సుమారు నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల ఎత్తు గల 'క్యాబినెట్ కార్డు' కుటుంబాలు బాగా ఇష్టపడిన పరిమాణం. ముఖంపై మచ్చలను, ముడతలను నెగెటివ్ మీదనే సన్నని పెన్సిలుతో సవరించడం నాటి స్టూడియోల పనిలో ముఖ్యభాగం. కోరినవారికి ఫోటోపై చేతితో రంగులు వేసి ఇచ్చేవారు.

కుటుంబ చిత్రాలలోని ఇబ్బందులు

ఒక్క మనిషిని తీయడం కంటే కుటుంబాన్ని తీయడం కష్టం. వెలుతురు సరిపోక కొన్ని సెకన్లపాటు అందరూ కదలకుండా ఉండవలసి వచ్చేది. పెద్దవారి తల కదలకుండా వెనుక నుండి ఇనుప కొక్కెం ఆనించేవారు. పిల్లలకు ఆ ఉపాయం పనికిరాదు. ఒక్క పిల్లవాడు తల తిప్పితే పలక వృథా అయ్యేది. ఆనాటి ఫోటోలలో ఎవరూ నవ్వకపోవడానికి ఇది ఒక కారణం. చిత్రం దిగడం గంభీరమైన సందర్భమనే భావన మరొక కారణం.

ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అనేది మరొక చిక్కు. ఇంటి పెద్దకు కుర్చీ, కుమారులకు వెనుక వరుస, పిల్లలకు తివాచీ అనేది సాధారణమైన అమరిక. ఇందులో పొరపాటు జరిగితే అది ఫోటో ఉన్నంతకాలం కనిపిస్తూనే ఉంటుంది. కనుక ఛాయాగ్రాహకుడికి రసాయనాలతోపాటు వరుసలు, మర్యాదలు కూడా తెలియాలి. దొర కుటుంబానికి, నవాబు కుటుంబానికి, వర్తకుని కుటుంబానికి ఎవరి మర్యాదలు వారికుండేవి.

జనానా స్టూడియో

పరదా పాటించే స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చొని ఫోటో తీయించుకోవడం ఆనాడు సాధ్యం కాదు. దీనివలన ఎన్నో కుటుంబ చిత్రాలలో తండ్రి, కొడుకులు, మనుమలు ఉండేవారు గాని తల్లి ఉండేది కాదు. ఈ లోటును గమనించిన దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. దాని నిర్వహణను శ్రీమతి కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించాడు. పురుషుల చూపు పడకుండా ఏర్పాట్లు చేసి, ఫోటోలు తీసే పనిని స్త్రీల చేతనే జరిపించాడు. వ్యాపార దృష్టితో చూస్తే ఇది కొత్త గిరాకీ. కుటుంబ దృష్టితో చూస్తే, తల్లి రూపం తరువాతి తరానికి మిగలడానికి ఒక మార్గం.

కుమారులు, చివరి దశ

దీన్ దయాళ్‌కు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ అనే ఇద్దరు కుమారులు. ఇద్దరూ తండ్రి వద్దనే పని నేర్చుకొని సంస్థలో భాగస్వాములయ్యారు. జ్ఞాన్‌చంద్ సికింద్రాబాదు స్టూడియో బాధ్యతలు చూసేవాడు. సంస్థ పేరుతో వెలువడిన చిత్రాలలో ఏది తండ్రి తీసినదో, ఏది కుమారుడో సిబ్బందో తీసినదో వేరుచేసి చెప్పడం చాలాచోట్ల కుదరదు. అన్నిటి మీదా ఒకే ముద్ర ఉండేది.

1904లో ధరమ్‌చంద్ మరణించాడు. మరుసటి సంవత్సరమే, 1905 జూలై 5న దీన్ దయాళ్ బొంబాయిలో మరణించాడు. ఏడాది వ్యవధిలో సోదరుడిని, తండ్రిని కోల్పోయిన జ్ఞాన్‌చంద్ ఒక్కడే సంస్థ భారం మోయవలసి వచ్చింది. 1911లో మహబూబ్ అలీఖాన్ మరణంతో ప్రధాన పోషకుడు కూడా లేకుండాపోయాడు. అప్పటికే తేలికపాటి కెమెరాలు, చుట్టలుగా వచ్చే ఫిల్ము వ్యాపించి, స్తోమత గలవారు తమ ఫోటోలు తామే తీసుకోసాగారు. సంస్థ పూర్వవైభవం తగ్గింది. 1919లో జ్ఞాన్‌చంద్ మరణించాడు. తరువాతి తరాలవారు సికింద్రాబాదులో స్టూడియో వారసత్వాన్ని కొనసాగించి గాజు నెగెటివ్‌లను కాపాడారు.

వారసత్వం

గాజు పలక బరువైనది, సులభంగా పగిలేది. తేమ తగిలితే దాని మీది జెలటిన్ పొర పెచ్చులూడుతుంది. వందలాది స్టూడియోల పలకలు ఇలాగే నాశనమయ్యాయి. దీన్ దయాళ్ సంస్థ నెగెటివ్‌లకు వరుస సంఖ్యలు వేసేది. ఆ సంఖ్య చెబితే మళ్ళీ ప్రతులు తీసి ఇవ్వవచ్చు. వ్యాపారం కోసం చేసిన ఈ ఏర్పాటే తరువాత పరిశోధకులకు ఆధారమయింది. 1989లో న్యూఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించింది. 2006లో భారత తపాలా శాఖ దీన్ దయాళ్ స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. 2013లో కెనడాలోని టొరంటో నగరంలో రాయల్ ఒంటారియో మ్యూజియం ఆయన చిత్రాలతో ప్రదర్శన నిర్వహించింది.

ఆయన తీసిన భవనాలలో కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి, వాటిని మళ్ళీ ఫోటో తీయవచ్చును. ఆయన ఎదుట కుదురుగా కూర్చున్న కుటుంబాలకు మాత్రం ఆ గాజు పలకలు తప్ప వేరే ప్రతి లేదు.