పసివారికి ఆటే తొలి చదువు

"ఎప్పుడు చూసినా ఆటేనా?" అన్న మాట మన ఇళ్లలో రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కలేదు. మూడేళ్లు నిండీ నిండకముందే పలక పట్టించకపోతే బిడ్డ వెనకబడిపోతాడని మనకు భయం. అదే బిడ్డ అన్నం దగ్గర మారాం చేస్తే సెల్‌ఫోన్ చేతికిచ్చి ఊరుకోబెడతాం. పలకకూ ఫోనుకూ మధ్య ఆటకు చోటు లేకుండా పోతోంది. నిజానికి ఆ వయసులో ఆటే చదువు.

ఆరేళ్లు వచ్చేసరికి బిడ్డ మెదడు పెద్దవారి మెదడు పరిమాణంలో దాదాపు 90 శాతానికి చేరుకుంటుంది. ఆ ఎదుగుదలకు తిండి ఎంత అవసరమో, పలికితే బదులు పలికే మనిషి కూడా అంతే అవసరం. బిడ్డ "ఊ" అంటే తల్లి "ఊ" అనడం, బిడ్డ వేలు చూపిన కాకిని తండ్రి కూడా చూసి దాని పేరు చెప్పడం చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కానీ మాట, జ్ఞాపకం, ఆలోచన మొలకెత్తేది అక్కడే.

ఇందుకు జమైకా దేశం గట్టి సాక్ష్యం. 1986-87లో ఆ దేశ రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడల్లో, ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివారిని పరిశోధకులు ఎంపిక చేశారు. వారిలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్లు వెళ్లారు. ఇంట్లో చేసుకున్న బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లులకు చూపించారు. ఇరవై ఏళ్ల తరువాత చూస్తే, ఆ పిల్లలు పెరిగి, అలా ఎవరూ వెళ్లని ఇళ్లలోని తమ సాటివారికంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. మన పొరుగున కటక్‌లోని పేదవాడల్లోనూ స్థానిక మహిళల చేత ఇదే పద్ధతిని అమలు చేయిస్తే పిల్లల తెలివితేటలు మెరుగుపడ్డాయి. ఈ రెండు చోట్లా తల్లులు సంపన్నులు కారు. వారు బిడ్డకు ఇచ్చింది ఖరీదైన బొమ్మలు కాదు, తమ సమయం.

కోటబొమ్మాళి వంటి ఊళ్లో ఆటవస్తువులకు కరవేమిటి? తాటిబుర్రల బండి, కొబ్బరాకు బూర, కొబ్బరి చిప్పలు, ఇసుక, గిన్నె మీద మోగించే గరిటె చాలు. గుజ్జనగూళ్లు ఆడే పిల్ల "ఇది నీకు, ఇది దాదీకి" అని పంచుతూ లెక్క నేర్చుకుంటుంది, పంచుకోవడమూ నేర్చుకుంటుంది. దాగుడుమూతలు ఆడే పిల్లవాడు తన వంతు వచ్చేదాకా ఓపిక పడతాడు. అయితే చింతపిక్కలు, గోళీలు, పూసలు మూడేళ్లలోపు వారికి ఇవ్వకూడదు. గొంతుకు అడ్డం పడితే ప్రాణాపాయం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు వింటే బిడ్డ తికమకపడతాడేమోనన్న దిగులు వద్దు. పసివారు రెండు భాషలనూ హాయిగా నేర్చుకోగలరు.

ఫోను సంగతికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టమైన సలహా ఇచ్చింది. రెండేళ్లలోపు బిడ్డకు బొమ్మల తెర వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, ఎంత తగ్గిస్తే అంత మేలు. పొట్టకూటికి విశాఖపట్నానికో, చెన్నైకో, గల్ఫ్‌కో వెళ్లిన తండ్రి ఫోనులో కనిపించి బిడ్డను పలకరించడం వేరు. అక్కడ బిడ్డ మాటకు బదులిచ్చే మనిషి ఉన్నాడు. కార్టూన్ బొమ్మ ఎంతసేపు ఆడినా బిడ్డ అడిగినదానికి జవాబు చెప్పదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి నమాజు చేయిస్తూ సజ్దాలో చాలాసేపు ఉండిపోయారు. వెనకనున్నవారు ఏమైందోనని కంగారుపడ్డారు. తరువాత తెలిసిందేమిటంటే, మనవడు ఆయన వీపుపైకి ఎక్కాడు. పసివాడి ముచ్చట తీరకముందే తొందరపెట్టి దించడం ఆయనకు ఇష్టం లేకపోయింది. అంతటి ఆరాధనా సమయంలోనే పసివాడి ఆటకు చోటు దొరికినప్పుడు, మన వంటపనిలో, దుకాణం పనిలో కాస్త చోటు దొరకదా?

అక్షరాలు ఎక్కడికీ పోవు. ఆరోగ్యంగా ఆడిపాడిన బిడ్డ వాటిని తరువాత తేలికగానే అందుకుంటాడు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీకి మూడేళ్ల బిడ్డను పంపితే పౌష్టికాహారంతో పాటు ఆటపాటలూ తోటిపిల్లలూ దొరుకుతారు. ఏడాదిన్నర దాటినా ఒక్క మాట రాకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా మాత్రం "వాడే నేర్చుకుంటాడులే" అని కూర్చోకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.

మనం బిడ్డలకు ఆస్తులు ఇవ్వగలమో లేదో తెలియదు. రోజుకు ఒక అరగంట నేలమీద వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పినట్టు ఆడడం మాత్రం ఏ తల్లికైనా, ఏ తండ్రికైనా సాధ్యమే. ఈ శుక్రవారమే మొదలుపెడదాం.