పిల్లలు మసలు భవనములలో సీసపు ధూళి

పాఠశాలకు, అంగన్‌వాడీ కేంద్రమునకు రంగులు వేసిన శోభ కలుగును. కాని పాత రంగు పెచ్చులూడి పొడియైనచో, ఆ పొడిలో సీసము ఉండవచ్చును. ఇది కంటికి కానరాని ముప్పు.

పసుపు, నారింజ, ఎరుపు చమురు రంగులకు నిగారింపును, మన్నికను కలిగించుటకు పూర్వము సీసపు సమ్మేళనములను కలిపెడివారు. ఇనుప చువ్వలకు సీస సింధూరమును అడుగుపూతగా వేసెడివారు. కావున సున్నము వేసిన గోడల కంటె రంగు వేసిన తలుపులు, కిటికీలు, చువ్వలు, బల్లలు అనుమానింపదగినవి. తలుపులను తెరచి మూయునపుడు కలుగు రాపిడికి రంగు అరిగి ధూళియై నేలపై రాలును.

పసిపిల్లలు నేలపై పాకుదురు. చేతులు నోటిలో పెట్టుకొందురు. కడుపులోనికి పోయిన సీసమును పెద్దల కంటె వారి శరీరము నాలుగైదు రెట్లు అధికముగా గ్రహించును. దాని వలన రక్తహీనత కలుగును. మెదడు ఎదుగుదల కుంటుపడి చదువు మందగించును. మెదడునకు కలిగిన హాని తిరిగి పూడునది కాదు. ఇంత సీసము వరకు అపాయము లేదని చెప్పదగిన మోతాదేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది.

పరీక్షించు విధానము

నేలపై అడుగు పొడవు, అడుగు వెడల్పు గల చోటును గుర్తింపవలెను. చేతికి కొత్త తొడుగు ధరించి, ఇందులకై తయారుచేసిన తడి గుడ్డతో ఆ చోటునంతయు తుడిచి, గుడ్డను మూతగల గొట్టములో ఉంచవలెను. కిటికీ గట్టును కొలిచి అట్లే వేరొక గుడ్డతో తుడువవలెను. స్థలము, కొలత, తేదీ వ్రాసి గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపవలెను. అమెరికాలో సీసము తొలగించిన పిమ్మట చదరపు అడుగు నేలపై 5 మైక్రోగ్రాముల కంటెను, కిటికీ గట్టుపై 40 కంటెను తక్కువగా ఉండవలెనని 2024లో నిర్ణయించిరి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు.

తీసుకొనవలసిన జాగ్రత్తలు

పాత రంగును పొడిగా గీకరాదు, కాల్చరాదు. మరమ్మతు జరుగునపుడు పిల్లలను దూరముగా ఉంచవలెను. చీపురుతో ధూళి రేపక తడిగుడ్డతో నేల తుడువవలెను. భోజనమునకు ముందు పిల్లల చేతులు సబ్బుతో కడిగింపవలెను. అనుమానమున్నచో వైద్యుని సలహాపై రక్తపరీక్ష చేయింపవలెను.

మన దేశమున గృహోపయోగ రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. రంగు కొనునపుడు డబ్బాపై ఆ వివరమును చూడవలెను. అంతకు పూర్వము వేసిన రంగులున్న భవనములను పరీక్షింపజేయుటకు పంచాయతీ పెద్దలు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలసి పూనుకొనవలెను. చిన్నారుల తెలివితేటలే గ్రామమునకు నిజమైన సంపద.