చిందోళ్ల ఆట: ఇంటిల్లిపాదీ చెప్పే జాతి చరిత్ర

తెలుగులో 'జాతి' అన్న మాట రెండు చోట్ల రెండు రకాలుగా పలుకుతుంది. బడిలో పంతులు జాతి అంటే దేశం. వాడలో మా అవ్వ జాతి అంటే కులం. ఆగస్టు 15 వస్తే బడిలో గాంధీ, నెహ్రూ, ఝాన్సీరాణి వేషాలు కట్టించి మాకు జాతి చరిత్ర చెప్పేటోళ్లు. 1947లో మా గోపాల్‌పేట నిజాం రాజ్యంలో ఒక సంస్థానమనీ, ఇక్కడికి ఆ సంగతి 1948 సెప్టెంబరు దాకా రాలేదనీ ఎవరూ చెప్పలేదు. రెండో జాతి చరిత్ర వాడలో వినాల్సిందే. దాన్ని చెప్పేది చిందోళ్లు.

చిందోళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివని హక్కు పంచుకొని, వంతు ప్రకారం వచ్చి, మాదిగవాడలో ఆట కట్టి, త్యాగం తీసుకొని పోతారు. ఇక్కడ కుటుంబమే మేళం. తండ్రి వేషం కడితే అన్న మద్దెల కొడతాడు, చిన్నాయిన తాళం పడతాడు. ఆడవేషాలు ఆడోళ్లే కడతారు. కూచిపూడిలో స్త్రీ వేషాలు మగవాళ్లు కట్టే కాలంలోనే చిందు ఇండ్లల్లో తల్లులు, కోడండ్లు గజ్జె కట్టారు. ఈ మాట మన నాటక చరిత్రకారులు ఎంత పొదుపుగా రాశారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా ఈ కళకు పెద్దదిక్కు. పిల్లలకు వేరే శిక్షణ ఉండదు. చంకలో ఉండి చూస్తారు, ఆనక బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు, లోహితుడు వేషాలతో దిగుతారు. ముఖానికి అర్దళం, నెత్తిన కర్ర కిరీటం.

మిగతా భాగవతాలు ఎవరైనా చూస్తారు. జాంబపురాణం మాత్రం మాదిగల సొంతం. అది వాదం రూపంలో నడుస్తుంది. బ్రాహ్మణ వేషం కులం అడుగుతుంది, జాంబవుడు పుట్టుక చెపుతాడు: భూమి కంటే ముందే పుట్టినవాడు తను. ఏడేండ్ల పిల్లగాడు బ్రాహ్మణుడు మాటల్లో ఓడిపోవడం కండ్లారా చూస్తాడు. మేము చదివిన ఏ పాఠంలోనూ అది లేదు. అయితే అదే పురాణంలో కామధేనువు కథ, శాపం కూడా ఉన్నాయి. కథాభేదాలు ఎన్నున్నా, మన హీనస్థితికి మన తప్పే కారణమని ఒప్పుకునే భాగం అది. దాన్ని గర్వంగా తలకెత్తుకోలేం. జవాబు చెప్పే జాంబవుణ్ణి ఉంచుకొని, శాపాన్ని పిల్లల ముందే ప్రశ్నించాలని మా అభిప్రాయం.

ఆటపాటలతో జనాన్ని లేపడం ఉద్యమానికి కొత్తేమీ కాదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్రమండలి పెట్టి హరికథలతోనే మొదలుపెట్టాడు. ఆయన అధ్యక్షతన 1917లో బెజవాడ సభ 'పంచమ' పేరు వదిలి 'ఆది ఆంధ్ర' అన్నది. జాంబపురాణం విన్న చెవులకు ఆ 'ఆది' కొత్తగా వినిపించి ఉండదు. మా పక్క నాగర్‌కర్నూల్ జిల్లాలో డక్కలి కుటుంబాల కిన్నెర కూడా ఇట్లాంటిదే. దొరలను దోచి పేదలకు పంచిన పండుగ సాయన్న కథను అది నిలబెట్టింది. కిన్నెర మొగిలయ్యకు 2022లో, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. మంచిదే.

కానీ మన ఇంటి సంగతి చెప్పకుండా ఈ వ్యాసం రాయడం అన్యాయం. ఊరు మమ్మల్ని ఎట్లా చూసిందో మేము చిందోళ్లను అట్లనే చూశాం. వాళ్లకు వేరే గిన్నె, వాడ బయట దిగుడు. రికార్డు చేసుకుంటామని పోతే ఒక చిందు అవ్వ అన్నది: "పురాణం మీది సారూ, నోరు మాది. చాప మాత్రం బయటేస్తరు." తల దించుకున్నాం.

ఇప్పుడు మేళాలు విరుగుతున్నాయి. పాలమూరు వలస ఒక కారణం. రెండోది బడి. కుటుంబమే మేళం గనుక ఒక పిల్లగాడు హాస్టల్‌కు పోతే ఒక వేషం పోతుంది. హాస్టల్ అన్నం తిని చదివిన మేము పిల్లలను బడి మాన్పించమని ఎట్లా అంటాం? గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో ఏడాదికి రెండు రాత్రులు కూలి కట్టి చిందు ఆట పెట్టించమని అడగొచ్చు. త్యాగం కాదు, కూలి.

పోయినసారి మేము చూసిన ఆటలో ప్రహ్లాదుడి వేషం కట్టింది నలభై ఏండ్ల తండ్రి. కొడుకుకు పరీక్షలట.