వ్యూహమా? ఆచరణా?

కరీంనగర్, ఆదిలాబాదు కళాశాలల మైదానాలలోనైనా, అంతర్జాతీయ క్రీడారంగంలోనైనా, ఫుట్‌బాల్ జట్టు గోలు చేయలేనప్పుడు ఒకే ప్రశ్న తలెత్తుతుంది. దోషం శిక్షకుని వ్యూహానిదా? దానిని ఆచరించిన ఆటగాళ్ళదా? 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు దీనికి చక్కని ఉదాహరణం.

నాటి భారత జట్టు శిక్షకులు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. తొలి పోటీలో మన జట్టు ఒక్క గోలైనా చేయలేక దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయింది. థాయిలాండుపై గెలిచిన తరువాతి పోటీలో, రక్షణ శ్రేణిలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. అయినా రహీం అతనిని సెమీఫైనల్లో దాడి శ్రేణికి మార్చారు. అతడు ఆ పోటీలో ఒక గోలు చేశాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాపై పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరొక గోలు చేయగా భారత్ 2-1తో స్వర్ణపతకం సాధించింది.

స్థానం మార్చినది శిక్షకుని ఆలోచన. గాయాన్ని లెక్కచేయక దానిని ఫలింపజేసినది ఆటగాని పట్టుదల. కాబట్టి నిందించే ముందు పరిశీలించాలి. గోలు చేసే అవకాశాలే రాకపోతే వ్యూహాన్ని సవరించుకోవాలి. వచ్చిన అవకాశాలు చేజారితే సాధనను పెంచుకోవాలి. లోపమెక్కడో తెలిసిన జట్టుకే విజయానికి దారి తెలుస్తుంది.