మరక పడ్డా స్కాన్ అయ్యే క్యూఆర్ వెనక లెక్క

నల్గొండ క్లాక్ టవర్ దగ్గరో, మహబూబ్‌నగర్ బస్టాండు ముందో ఏ మిర్చి బజ్జీల బండి మీదైనా క్యూఆర్ స్టిక్కర్‌ని ఓసారి గమనించండి. నూనె మరకలు, గీతలు, ఎండకు వెలిసిన రంగు. అయినా ఫోన్ పెట్టగానే పట్టేస్తుంది. ఇందులో కెమెరా గొప్పతనం కొంతే. అసలు పని రీడ్-సాల్మన్ కోడ్‌ది. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాల్మన్ అనే ఇద్దరు అమెరికన్లు 1960లో కనిపెట్టారు. 1994లో జపాన్‌లో పుట్టిన క్యూఆర్ దాన్నే వాడుకుంది.

అసలు సమాచారం నుంచే లెక్కగట్టిన కొన్ని కాపలా బైట్లను దాని పక్కనే పెట్టడం ఇందులో కిటుకు. అన్నిటికన్నా చిన్న క్యూఆర్‌లో 21 వరుసలు, వరుసకు 21 గళ్లు. పట్టేది 26 బైట్లు. ‘ఎల్’ స్థాయిలో 19 మనవి, 7 కాపలావి. 2 బైట్లు పాడైతే సరిచేస్తుంది. ‘హెచ్’ స్థాయిలో మనకు మిగిలేది 9 మాత్రమే, 17 కాపలాకే! కానీ 8 పాడైనా లాగేస్తుంది. పాడైన ఒక్కో బైటుకు కనీసం రెండు కాపలా బైట్లు కావాలి మరి. ఎక్కడ పాడైందో తేల్చాలి, అక్కడ అసలేముందో కూడా తేల్చాలి.

అయితే అందరూ ‘హెచ్’ పెట్టేస్తే పోలా? పోదు. అదే లింక్‌కు గళ్లు పెరుగుతాయి. స్టిక్కర్ సైజు పెంచకపోతే గళ్లు సన్నబడి, పాత ఫోన్లు తడబడతాయి. బజ్జీల బండికి నేనైతే ‘హెచ్’ పెట్టి, పెద్దగా ప్రింట్ తీయించమంటాను. ఏసీ షోరూమ్‌కి ‘ఎం’ చాలు. ఇంకోమాట, మూలల్లోని మూడు పెద్ద చదరాలకు ఈ కాపలా ఉండదు. అవి చిరిగితే స్టిక్కర్ మార్చాల్సిందే.

అన్నిచోట్లా సరిదిద్దడం మంచిది కూడా కాదు. ఆధార్‌లో 12వ అంకె వెర్హోఫ్ పద్ధతిలో లెక్కగట్టింది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది. సరిచేయదు. చేస్తానని ఊహిస్తే అది వేరేవాళ్ల నంబర్ కావచ్చు! మీసేవలో మనిషి ఎదురుగానే ఉంటాడు, కార్డు చూసి మళ్లీ కొడితే సరి.

షాద్‌నగర్‌లో ఆ వీలు తక్కువ. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ ఊళ్లోనే ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉపగ్రహాల డేటా అందుకునే కేంద్రం ఉంది. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహం ఒకసారి పైనుంచి వెళ్తే కనిపించేది 10, 15 నిమిషాలే. ‘ఇందాకటిది వినపడలే, మళ్లీ చెప్పు’ అంటూ కూర్చుంటే దాటిపోతుంది. ఇలాంటి లింకుల్లో ప్రపంచమంతా ఎక్కువగా వాడిన కోడ్‌లో 223 బైట్లకు 32 కాపలా బైట్లు. వాటిలో ఎక్కడ 16 పాడైనా సరిచేస్తుంది. ఒక బైటులో ఒక బిట్ పోయినా, ఎనిమిదీ పోయినా దీనికి ఒకటే లెక్క. అందుకే గుంపుగా వచ్చిపడే దెబ్బలకు ఇది గట్టిది.

మీ ఇంట్లో పెళ్లి ఫొటోల హార్డ్‌డిస్క్‌లోనూ ఇలాంటి సరిదిద్దే కోడ్ ఉంటుంది. మళ్లీ పంపమని అడగడానికి అక్కడ ఎవరూ లేరు కదా. కానీ డిస్కే మొత్తంగా పోతే ఏ కోడూ ఏం చేయలేదు. రెండో కాపీ ఇంకో డిస్క్‌లో పెట్టుకోండి.