నీళ్లలో వీడియో తీస్తే అంతా పచ్చగా ఎందుకొస్తది? వైట్ బ్యాలెన్స్ ఇలా సెట్ చేయండి

పాపన్నపేట నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశా. ఇవాళ్టి టాపిక్: కెమెరాను హౌసింగ్‌లో, అంటే నీళ్లు చొరబడని డబ్బాలో పెట్టి నీటి లోపల తీస్తే, ఎర్ర చొక్కా కూడా మట్టిరంగులో ఎందుకు కనిపిస్తది?

తప్పు కెమెరాది కాదు, నీళ్లది. వెలుగులోని ఎరుపును నీళ్లు ముందుగా మింగేస్తాయి. తర్వాత నారింజ, పసుపు. తేటగా ఉన్న సముద్రంలోనే 5 మీటర్లు దాటేసరికి ఎరుపు చాలావరకు పోతుంది, మిగిలేది నీలం. మన చెరువుల్లో, మంజీరలో బురద, నాచు ఉంటాయి కదా, అవి నీలాన్ని కూడా తినేస్తాయి. అందుకే సముద్రం వీడియో నీలంగా, మనది పచ్చగా వస్తుంది.

లోతు ఒక్కటే కాదు, దూరం కూడా లెక్కే. 3 మీటర్ల లోతులో, 2 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే, వెలుగు దాదాపు 5 మీటర్ల నీళ్లు దాటి లెన్స్‌కు చేరుతుంది. కాబట్టి ముందు దగ్గరికి పోండి.

ఆటో వైట్ బ్యాలెన్స్‌ను నమ్మొద్దు. అంత ఎరుపు లోటును అది పూడ్చలేదు, పైగా షాట్ మధ్యలో రంగు మార్చేస్తది. ఇలా చేయండి:

1. కెమెరాలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ ఎంచుకోండి.
2. తెల్లటి ప్లాస్టిక్ పలకను తీయబోయే లోతుకే తీసుకెళ్లి, ఫ్రేమ్ నిండా చూపించి సెట్ చేయండి. పలక మీద మీ నీడ పడొద్దు.
3. లోతు రెండు మూడు మీటర్లు మారితే మళ్లీ సెట్ చేయండి.
4. నీలం నీళ్లకు ఎర్ర ఫిల్టర్, పచ్చ నీళ్లకు మెజెంటా ఫిల్టర్. వీడియో లైట్ వాడితే ఫిల్టర్ తీసేసి, డేలైట్‌కు, అంటే సుమారు 5500 కెల్విన్‌కు పెట్టండి. లైట్ పనిచేసేది మీటరు లోపలే.

ఫోన్ అయితే? నీళ్లలో టచ్ పనిచేయదు. డబ్బా మూయకముందే ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి.

"ఎడిటింగ్‌లో చూసుకుందాంలే" అంటారా? ఎరుపు రికార్డే కాకపోతే స్లైడర్ ఎంత జరిపినా వచ్చేది గింజలు గింజలుగా నాయిసే.

ఇంకో ముఖ్యమైన మాట. రీల్ కోసం ఏడుపాయల దగ్గర నదిలోకి దిగొద్దు. ఎగువన సింగూరు గేట్లు ఎత్తితే ప్రవాహం పెరుగుతుంది, మంజీరలో మొసళ్లు కూడా ఉన్నాయి. ప్రాక్టీస్‌కు స్విమ్మింగ్ పూల్‌లో లోతు తక్కువున్న వైపు చాలు, అదీ గట్టు మీద ఒకరిని నిలబెట్టి. అంతకంటే ముందు ఖాళీ హౌసింగ్‌లో టిష్యూ పేపర్ పెట్టి బకెట్‌లో ముంచండి. అది తడిస్తే రబ్బరు రింగు చూసుకోవాల్సిందే.

పలక ఖర్చు తక్కువ, అది కాపాడే రంగు మాత్రం తర్వాత కొనుక్కుందామన్నా దొరకదు. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.